నింగిలో నేత్రం – 6: ఐదింటిలో ఒకటి దిగిపోవాలి

గత సంచికలో హబుల్ అంతరిక్ష టెలిస్కోప్ అద్దం చెడిన వైనం చెప్పుకున్నాం. కనెక్టికట్ రాష్ట్రంలోని డాన్‌బరీలో పర్కిన్-ఎల్మర్ కంపెనీ ఆ అద్దాన్ని సాన పట్టింది. ఆకారం సరిచూసే పరికరంలో ఒక కటకాన్ని ఉండాల్సిన చోటికి 1.3 మిల్లీమీటర్ల దూరంలో బిగించారు. ఆ పరికరం చెప్పినట్టే అద్దాన్ని అరగదీస్తూ పోయారు. చివరికి 2.4 మీటర్ల అద్దం అంచుల దగ్గర 2.2 మైక్రాన్ల మేర ఎక్కువగా అరిగింది. 1990 ఏప్రిల్ 24న డిస్కవరీ షటిల్ హబుల్‌ను మోసుకుని వెళ్లింది. జూన్ 27న నాసా అధికారులు విలేకరుల ముందు కూర్చుని ఉన్న సంగతి చెప్పేశారు. అక్కడ ఆపాం.

ఈ సంచికలో అద్దాన్ని కాసేపు పక్కన పెడదాం. టెలిస్కోప్‌లో అద్దానికి దక్కే పేరు దాని పనికి మించినదనే నా అభిప్రాయం. అది వెలుతురును పోగుచేసి ఒకచోటికి పంపుతుంది, అంతటితో దాని బాధ్యత తీరిపోతుంది. ఆ వెలుతురును పట్టుకుని, రంగులుగా విడదీసి, లెక్కగట్టి, అంకెలుగా మార్చి భూమికి పంపేవి అద్దం వెనకున్న పెట్టెలు. తమిళనాడులోని కావలూరులో మనకూ 2.34 మీటర్ల అద్దమున్న టెలిస్కోప్ ఉంది. హబుల్ అద్దం కన్నా అది అంత చిన్నదేమీ కాదు. హైదరాబాద్ నిజామియా వేధశాలలో తండ్రి ఉద్యోగం చేస్తుండగా ఆ పరిసరాల్లోనే పెరిగిన వైను బప్పు పేరు దానికి పెట్టారు. ఒకటి గాలి అడుగున ఉంది, ఇంకొకటి గాలి పైన ఉంది. ఆ తేడా సరే. రెండో తేడా, అద్దం వెనక ఏయే పెట్టెలు పెట్టారన్నది. ఈ విడత కథంతా ఆ పెట్టెలదే. ముఖ్యంగా వాటిలో ఒకదానిది, పత్రికల్లో పేరు ఎక్కకుండానే వెళ్లిపోయినదానిది.

హబుల్ గొట్టం పొడవు 13 మీటర్ల పైచిలుకు. బరువు సుమారు 11 టన్నులు. పెద్ద అద్దం మీద పడ్డ వెలుతురు ముందున్న చిన్న అద్దానికి ఎగిరి, అక్కడి నుంచి వెనక్కి మళ్లి, పెద్ద అద్దం నడిమధ్య ఉన్న రంధ్రంలోంచి దూరి, దాని వెనక మీటరున్నర దూరంలో కేంద్రీకృతమవుతుంది. అక్కడే నాలుగు పెట్టెలు గొట్టం పొడవునా ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఉంటాయి. ఒక్కొక్కటి మనిషి కన్నా ఎత్తు, దాదాపు మీటరు వెడల్పు. ఐదోది పక్కనుంచి సొరుగులా లోపలికి దూరుతుంది. వెలుతురు పడే మేర నట్టనడిమి భాగం ఈ ఐదోదానిదే. చుట్టూ ఉన్న ముక్కలను మిగతా నాలుగూ పంచుకుంటాయి. అంచులు మాత్రం టెలిస్కోప్‌ను గురి తప్పకుండా నిలబెట్టే మూడు గైడెన్స్ సెన్సర్లకు పోతాయి.

ఈ అమరికలో ఒక ముందుచూపు ఉంది. ప్రతి పెట్టెకూ తలుపు ఉంది, గొళ్లెం ఉంది, పట్టుకోవడానికి పిడి ఉంది. వ్యోమగామి మందపాటి చేతితొడుగుతో తిప్పగలిగేంత పెద్ద బోల్టులు పెట్టారు. ఐదేళ్లకోసారి టెలిస్కోప్‌నే షటిల్‌లో కిందికి తెచ్చి బాగుచేసి మళ్లీ పంపాలని మొదట అనుకున్నారు. ఖర్చూ రిస్కూ లెక్కేసుకుని ఆ ఆలోచనను 80ల్లోనే మానుకున్నారు. పైనే పెట్టెలు మార్చడమన్న ఏర్పాటు మాత్రం మిగిలింది. మార్చుకునే వీలు లేకుండా బిగించేసి ఉంటే, 1990 జూన్ 27 నాటికే ఈ ధారావాహిక ముగిసిపోయేది.

సొరుగులా దూరే ఐదో పెట్టె వైడ్ ఫీల్డ్ అండ్ ప్లానెటరీ కెమెరా. దాని వెనక చిన్న గొడవ ఉంది. అంతరిక్షంలో టెలిస్కోప్ పెట్టాలని 1946లోనే నివేదిక రాసినవాడు లైమన్ స్పిట్జర్. ఆయన పనిచేసిన ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలోనే ఈ టెలిస్కోప్ కెమెరా కోసం ఏళ్ల తరబడి ఒక రకం టీవీ ట్యూబు తయారుచేస్తూ వచ్చారు. కెమెరా ప్రిన్స్‌టన్ వాళ్లదేనని అందరూ ఖాయం చేసుకున్నారు. తీరా పోటీ పెట్టేసరికి, 1977లో, కాల్‌టెక్‌కు చెందిన జేమ్స్ వెస్ట్‌ఫాల్ బృందం సీసీడీ చిప్పులతో వచ్చి దాన్ని తన్నుకుపోయింది. సీసీడీ అప్పటికి కొత్త సరుకు, సరిగ్గా పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలియదు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చేసిన ఎనిమిది చిప్పులు అందులో వాడారు. ఒక్కోదాంట్లో అడ్డంగా 800, నిలువుగా 800 గళ్లు. నాలుగేసి చిప్పులు రెండు జట్లుగా పనిచేస్తాయి. మధ్యలో పిరమిడ్ ఆకారంలో ఉన్న అద్దాన్ని 45 డిగ్రీలు తిప్పితే, ఒక జట్టు మీద పడే వెలుతురు రెండో జట్టు మీదికి మళ్లుతుంది. ఒక జట్టు విశాలమైన దృశ్యాలకు, రెండోది గ్రహాల్లాంటి చిన్నవాటిని దగ్గరగా చూపడానికి. ఒక్కో ఫొటోలో మొత్తం 25.6 లక్షల చుక్కలు. ఈరోజు పిల్లలు ఆడుకునే ఫోనులో ఇంతకు ఎన్నో రెట్లుంటాయి. చుక్కల లెక్క కాదు, ఒక్కో చుక్క ఎంత మసక వెలుగును పసిగట్టగలదన్నదే ఇక్కడ లెక్క.

రెండోది యూరప్ వాళ్ల ఫెయింట్ ఆబ్జెక్ట్ కెమెరా. హబుల్ ఖర్చులో యూరోపియన్ అంతరిక్ష సంస్థ వాటా 15 శాతం. ఆ వాటా కింద ఆ సంస్థ సౌర ఫలకాలూ, ఈ కెమెరా ఇచ్చింది. చాలా చిన్న ముక్క ఆకాశాన్ని మహా నిశితంగా చూడటం దీని పని. వచ్చే వెలుతురును మూడంచెల్లో పెంచి, కాంతి కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంది.

మూడూ నాలుగూ స్పెక్ట్రోగ్రాఫులు. ఇవి బొమ్మలు తీయవు, వెలుతురును రంగులుగా చీల్చి గీతలు చదువుతాయి. శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బృందానిది ఫెయింట్ ఆబ్జెక్ట్ స్పెక్ట్రోగ్రాఫ్. నాసా గొడార్డ్ కేంద్రం పేరు పెట్టుకున్నది గొడార్డ్ హై రిజల్యూషన్ స్పెక్ట్రోగ్రాఫ్. మొదటిది మసక వస్తువులకు, రెండోది అతినీలలోహిత గీతలను మహా సన్నగా విడదీయడానికి.

ఐదోది హై స్పీడ్ ఫొటోమీటర్. మన కథానాయకుడు ఇదే.

విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్ విశ్వవిద్యాలయానికి అంతరిక్ష ఖగోళశాస్త్రం కొత్త కాదు. 1968 డిసెంబర్‌లో ఎగిరిన ఓఏఓ-2 అనే ఉపగ్రహం నక్షత్రాలను అతినీలలోహితంలో చూసింది. అందులో ఒక సగం పరికరాలు మాడిసన్ వాళ్లవే. ఆ ప్రయోగశాలలో ఎదిగిన రాబర్ట్ బ్లెస్, హబుల్ కోసం ఈ ఫొటోమీటర్‌కు నాయకత్వం వహించాడు. మిగతా పెట్టెలతో పోలిస్తే ఇది మహా నిరాడంబరమైంది. అందులో కదిలే భాగం ఒక్కటీ లేదు. మామూలుగా ఫిల్టర్లు మార్చాలంటే చక్రం తిప్పాలి, మోటారు కావాలి. మోటారు ఉంటే అది ఏదో ఒకరోజు మొరాయిస్తుంది. బ్లెస్ బృందం చక్రాన్నే తీసేసింది. పెట్టె నోటి దగ్గర రకరకాల ఫిల్టర్లను, వాటి వెనక సన్నటి రంధ్రాలను శాశ్వతంగా అమర్చింది. నీలి ఫిల్టరు కావాలంటే పెట్టెలో ఏదీ కదలదు. పదకొండు టన్నుల టెలిస్కోప్ మొత్తం లవలేశం పక్కకు జరుగుతుంది, నక్షత్రం వెలుతురు నీలి ఫిల్టరు వెనకున్న రంధ్రంలోకి పడుతుంది. నాకు ఈ ఏర్పాటు ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటేస్తుంది.

ఇంతకీ దాని పనేమిటి? నక్షత్రం వెలుగు ఎంతుందో కొలవడం. అంతే. కానీ సెకనుకు లక్ష సార్లు కొలవగలదు. అంత తొందర ఎందుకంటే, ఆకాశంలో కొన్ని వస్తువులకు తొందరెక్కువ. వృషభ రాశిలో ఉన్న క్రాబ్ నెబ్యులా నడుమ ఒక పల్సర్ ఉంది. అది సెకనుకు 30 సార్లు తిరుగుతూ 30 సార్లు మెరుస్తుంది. ఒక్కో మెరుపు ఎలా లేచి ఎలా పడుతోందో చూడాలంటే సెకనులో వెయ్యోవంతు కూడా పెద్ద కాలమే. జంట నక్షత్రాల్లో ఒకదాని పదార్థాన్ని ఇంకొకటి లాక్కునే చోట మినుకుమినుకులుంటాయి. ఒక గ్రహం వలయాల వెనక్కి నక్షత్రం వెళ్తుంటే వెలుగు తగ్గుతూ పెరుగుతూ వలయాల మందాన్ని గీసి చూపుతుంది. నేల మీద నుంచి ఇవన్నీ కొలవబోతే గాలి అడ్డం వస్తుంది. మినుకు నక్షత్రానిదా, గాలిదా అని తేల్చుకోలేం. గాలి లేని చోటికి వెళ్తే ఆ బెడద వదిలినట్టే అనుకున్నారు.

వదల్లేదు. అద్దం చెడటంతో ఐదు పెట్టెలకూ దెబ్బ తగిలింది, కానీ ఒకే మాదిరిగా కాదు. నక్షత్రం వెలుతురులో 70 శాతం ఒక చిన్న చుక్కలో కుదురుకోవాల్సింది. దాదాపు 15 శాతం మాత్రమే అక్కడ పడి, మిగిలినది చుట్టూ తెల్లటి పొగలా పరుచుకుంది. కెమెరాల వాళ్లు దానితో ఎలాగో నెట్టుకొచ్చారు. ప్రకాశవంతమైన వస్తువులను తీసుకుని, ఆ పొగను కంప్యూటర్లతో తుడిచేసే గణిత పద్ధతులు పట్టుకున్నారు. యూరప్ కెమెరా 1990 ఆగస్టులోనే 1987ఏ సూపర్‌నోవా చుట్టూ ఉన్న వలయాన్ని స్పష్టంగా చూపింది. ప్లూటోను, దాని చంద్రుడు షారన్‌ను విడివిడిగా చూపింది. గొడార్డ్ స్పెక్ట్రోగ్రాఫ్ ఆ గుడ్డి వెలుగులోనే మనం బ్రహ్మహృదయం అని పిలుచుకునే నక్షత్రం వైపు చూసి, మధ్యలో ఉన్న వాయువులో డ్యుటీరియం ఎంతుందో కొలిచింది. సృష్టి తొలి నిమిషాల్లో తయారైన డ్యుటీరియం లెక్క కాబట్టి విశ్వం పుట్టుక చదివేవాళ్లకు అది అక్కరకొచ్చింది. హబుల్ మరమ్మతు జరిగేదాకా ఆ మూడేళ్లూ ఎందుకూ పనికిరాకుండా పడి ఉందని అనుకునేవాళ్లకు ఈ మాట చెప్పాలి.

ఫొటోమీటర్‌కు మాత్రం గణితం సాయపడలేదు. దాని రంధ్రాలు బాగా సన్నవి. పరుచుకున్న వెలుతురులో కొంత భాగమే లోపలికి దూరింది. దానికి తోడు ఇంకో ఇబ్బంది వచ్చిపడింది. హబుల్ అప్పట్లో సుమారు 97 నిమిషాలకోసారి భూమిని చుట్టేది, ప్రతి చుట్టులోనూ ఎండలోంచి నీడలోకి, నీడలోంచి ఎండలోకి దాటేది. అలా దాటినప్పుడల్లా సౌర ఫలకాల కడ్డీలు వేడికీ చలికీ వంగి, టెలిస్కోప్ మొత్తం సన్నగా వణికేది. ఫొటో తీసేవాళ్లకు ఆ వణుకు చికాకు. ఫొటోమీటర్‌కు అది మరణశాసనం. వణికినప్పుడల్లా వెలుతురు రంధ్రం అంచుల మీద అటూ ఇటూ ఊగి, కొలత పైకీ కిందికీ పోయేది. మినుకు నక్షత్రానిదా, టెలిస్కోప్‌దా? గాలిని తప్పించుకుని 600 కిలోమీటర్లు పైకి వెళ్లిన పరికరానికి మళ్లీ అదే ప్రశ్న ఎదురైంది.

అయినా అది ఖాళీగా కూర్చోలేదు. క్రాబ్ పల్సర్ మెరుపులను అతినీలలోహితంలో పట్టింది. 1991లో ఒక నక్షత్రం శని వలయాల వెనక నుంచి సాగిపోతుంటే ఆ వెలుగు హెచ్చుతగ్గులను రాసుకుంది. కానీ ఇలాంటి ఫలితాలు గ్రాఫు కాగితం మీద గీతలు. టీవీలో చూపడానికి, గోడకు తగిలించుకోవడానికి పనికొచ్చేవి కావు. ఆ లోపం ముందు ముందు దానికి ఎంత నష్టం తెచ్చిందో ఊహించుకోవచ్చు.

సరే, చెడిన అద్దాన్ని ఏం చేయాలి? పైకి వెళ్లి మార్చడం కుదరదు. కిందికి దింపితే మళ్లీ పైకి వెళ్తుందన్న నమ్మకం లేదు. బాల్టిమోర్‌లోని స్పేస్ టెలిస్కోప్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ ఒక నిపుణుల బృందాన్ని వేసింది. రాబర్ట్ బ్రౌన్, హాలండ్ ఫోర్డ్ దానికి సారథులు. ఏ ఆలోచన వచ్చినా, ఎంత విడ్డూరంగా ఉన్నా చెప్పొచ్చన్నారు. వ్యోమగామిని గొట్టంలోకి పంపి సరిచేయించడం దగ్గర్నుంచి నానా ఊహలూ బల్ల మీదికొచ్చాయి.

అందులో తేలిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. పర్కిన్-ఎల్మర్ తప్పు చేసింది గానీ, తప్పును మహా కచ్చితంగా చేసింది. అద్దం ఎంత మేర ఎలా అరిగిందో చివరి అంకె దాకా తెలుసు. ఆకారం కొలిచిన ఆ పరికరం పదేళ్లుగా ప్రయోగశాలలో అలాగే ఉండిపోవడంతో, ల్యూ అలెన్ విచారణ సంఘం వెళ్లి 1.3 మిల్లీమీటర్ల తేడాను అక్కడికక్కడే కొలుచుకుంది. లోపం కచ్చితంగా తెలిస్తే దానికి సరిగ్గా వ్యతిరేకమైన లోపాన్ని ఇంకో చిన్న అద్దంలో చెక్కొచ్చు. రెండూ కలిసి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి.

వైడ్ ఫీల్డ్ కెమెరాకు ఇది సులువుగానే కుదిరింది. దాని వారసుడిగా రెండో కెమెరాను జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో జాన్ ట్రాగర్ బృందం అప్పటికే తయారుచేస్తోంది. అందులోని చిన్న అద్దాల ఆకారం మారిస్తే చాలు. డబ్బులు చాలక చిప్పులను ఎనిమిది నుంచి నాలుగుకు తగ్గించారు. మూడు విశాల దృశ్యానికి, ఒకటి దగ్గరి దృశ్యానికి. ఆ నాలుగోది వస్తువును పెద్దది చేసి చూపుతుంది కనుక, నాలుగు బొమ్మలూ ఒకచోట అతికేటప్పుడు దాన్ని కుదించాల్సి వస్తుంది. కుదించగానే ఒక మూల ఖాళీ పడుతుంది. తొంభైల్లో పత్రికల్లో వచ్చిన హబుల్ ఫొటోల్లో ఒక మూల మెట్లు మెట్లుగా నల్లగా ఉండటం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది నాలుగు చిప్పుల పొదుపు ఫలితం.

మిగిలిన మూడు పెట్టెల సంగతే చిక్కు. రెండు స్పెక్ట్రోగ్రాఫులు, యూరప్ కెమెరా. వాటిలో దేన్నీ విప్పి అద్దం మార్చలేం. వాటి నోటి ముందు, వెలుతురు లోపలికి దూరబోయే ఇరుకు చోటులో, బుల్లి అద్దాలను నిలబెట్టాలి. బాల్ ఏరోస్పేస్ కంపెనీలోని మర్క్ బోటెమా రెండేసి అద్దాల జంటతో ఆ పని అవుతుందని లెక్క వేశాడు. మొదటిది వెలుతురును పట్టి రెండోదానికి పంపుతుంది. రెండోది, సరిగ్గా విరుద్ధమైన వంపుతో, లోపాన్ని తీసేసి పెట్టెలోకి పంపుతుంది. లెక్క బాగుంది. కానీ ఆ అద్దాలను అక్కడికి చేర్చేదెవరు? ఎలా?

దీనికి జవాబు దొరికిన చోటు ఈ చరిత్రలో అందరూ చెప్పుకునే ముచ్చట. బృందం సమావేశాల కోసం జేమ్స్ క్రాకర్ అనే ఇంజనీరు జర్మనీ వెళ్లాడు. హోటల్ గదిలో స్నానానికి దిగాడు. అక్కడి షవర్ గోడకు బిగించిన నిలువు కడ్డీ మీద పైకీ కిందికీ జారుతుంది, మడతపడుతుంది, కావలసిన వైపుకు వంగుతుంది. అమెరికా షవర్లు అలా ఉండవు. నీళ్లు పడుతుండగానే క్రాకర్‌కు వెలిగింది. అద్దాలను ఇలాంటి చేతుల చివర బిగించి, ముడిచి, ఒక పెట్టెలో పెట్టి పంపొచ్చు. పెట్టె తన స్థానంలో కుదురుకున్నాక, కింద నుంచి ఆజ్ఞ ఇస్తే చేతులు చాచుకుని మిగతా పెట్టెల ముందు అద్దాలను నిలబెడతాయి.

దానికి కోస్టార్ అని పేరు పెట్టారు. ఐదు జంటల అద్దాలు, మొత్తం పది. పెద్దది కూడా రూపాయి బిళ్లంతే. ఐదు కోట్ల డాలర్ల ఖర్చు. పత్రికలు దీన్ని హబుల్ కళ్లజోడు అన్నాయి, ఆ పోలికలో తప్పు లేదు. కానీ మామూలు కళ్లజోడుకు చోటు వెతుక్కోనక్కర్లేదు, ముక్కు ఎలాగూ ఉంటుంది. కోస్టార్‌కు ఒక పూర్తి పెట్టె కావాలి. నిలబడే పెట్టెలకున్నది నాలుగే గదులు, నాలుగూ నిండి ఉన్నాయి.

ఎవరు ఖాళీ చేయాలి? యూరప్ కెమెరాను తీస్తే 15 శాతం వాటా పెట్టిన భాగస్వామికి ఏం సమాధానం చెబుతారు? స్పెక్ట్రోగ్రాఫులను తీస్తే వాటి మీద ఆశలు పెట్టుకున్న ఖగోళ శాస్త్రవేత్తల సంఖ్య పెద్దది. ఫొటోమీటర్ వాడాలనుకునేవాళ్లు కొద్దిమంది. పైగా వణుకు దెబ్బకు అది ఎలాగూ నీరసించి ఉంది. లెక్క ఎటు చూసినా ఒకే జవాబు. ఫొటోమీటర్ దిగిపోవాలి.

ఈ నిర్ణయం సరైనదేనా అని నన్నడిగితే సరైనదే అంటాను. ఒకటి పోయి మూడు బతికాయి. కానీ న్యాయమైనదా అంటే తటపటాయిస్తాను. ఐదు పెట్టెల్లో అన్నిటికన్నా సరళంగా, మోటారు మొరాయిస్తుందన్న భయం లేకుండా కట్టినది అదే. తాను ఏ తప్పూ చేయకుండా, ఎక్కడో డాన్‌బరీలో జరిగిన తప్పుకు పరిహారం కట్టింది. పది పన్నెండేళ్లు దాని మీద పనిచేసిన విశ్వవిద్యాలయం ఇంజనీర్లకు, విద్యార్థులకు ఆ వార్త ఎలా తగిలి ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

1993 డిసెంబర్ 2న ఎండెవర్ షటిల్ బయలుదేరింది. ఏడుగురు వ్యోమగాములు, వరసగా ఐదు రోజులు ఐదు అంతరిక్ష నడకలు. అంతకు ముందు ఏ షటిల్ యాత్రలోనూ అన్ని నడకలు చేయలేదు. స్విట్జర్లాండ్‌కు చెందిన క్లాడ్ నికోలియర్ షటిల్ లోపల కూర్చుని మరచేతిని నడిపాడు. మొదటి నడకలోనే స్టోరీ మస్‌గ్రేవ్, జెఫ్ హాఫ్‌మన్ కొత్త గైరోస్కోపులు బిగించి తలుపులు మూయబోతే, తలుపులు మూతపడలేదు. నానా తంటాలు పడి మూశారు. రెండో నడకలో వణుకు తెచ్చిన పాత సౌర ఫలకాలను తీసి కొత్తవి పెట్టారు. చుట్టుకోకుండా మొండికేసిన ఒక ఫలకాన్ని కాథరిన్ థార్న్‌టన్ చేతులతో పట్టుకుని శూన్యంలోకి వదిలేసింది. మూడో నడకలో మస్‌గ్రేవ్, హాఫ్‌మన్ కొత్త వైడ్ ఫీల్డ్ కెమెరాను లోపలికి తోశారు. 280 కిలోల పెట్టె అది. దాని ముందు బయటికి పొడుచుకుని ఉన్న చిన్న అద్దానికి ఎక్కడా ఒరుసుకోకూడదు. ఒరుసుకుంటే అక్కడితో సరి.

నాలుగో నడక థార్న్‌టన్, టామ్ ఏకర్స్ వంతు. తలుపు తెరిచారు. గొళ్లేలు విప్పి ఫొటోమీటర్‌ను బయటికి లాగారు. మూడున్నరేళ్లు అది నిలబడ్డ చోటులో కోస్టార్‌ను నిలబెట్టారు. కక్ష్యలో వస్తువుకు బరువు తెలియదన్న మాట నిజమే గానీ, దాని జడత్వం ఎక్కడికీ పోదు. మూడు వందల కిలోలకు దగ్గరగా ఉన్న పెట్టెను కదిలించాక ఆపడం కూడా అంతే కష్టం. పట్టాల మీద నెమ్మదిగా, అంగుళం అంగుళం జరుపుకుంటూ పోవాలి. ఏకర్స్ లోపలి నుంచి దారి చెబుతుంటే మరచేతి చివర నిలబడి థార్న్‌టన్ నడిపించింది. ఫొటోమీటర్ షటిల్ సామాన్ల గదిలో ఇంటిదారి పట్టింది.

డిసెంబర్ 18 తెల్లవారుజామున బాల్టిమోర్‌లో శాస్త్రవేత్తలు తెర చుట్టూ మూగారు. కొత్త కెమెరా పంపిన మొదటి బొమ్మలో నక్షత్రం చుక్కలాగే ఉంది, చుట్టూ పొగ లేదు. తర్వాత కోస్టార్ చేతులు చాచింది, మిగతా మూడు పెట్టెలకూ చూపు తిరిగొచ్చింది. 1994 జనవరి 13న గొడార్డ్ కేంద్రంలో సెనేటర్ బార్బరా మికుల్‌స్కీ పాత, కొత్త ఫొటోలను పక్కపక్కన పెట్టి చూపించింది.

ఆ తర్వాత జరిగింది లోకానికి తెలుసు. వెండీ ఫ్రీడ్‌మన్ బృందం ఎం100 గెలాక్సీలో సెఫీడ్ నక్షత్రాలను పట్టి, అది 5.6 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉందని 1994లో తేల్చింది. యూరప్ కెమెరా మన ఆర్ద్రా నక్షత్రాన్ని చుక్కగా కాక బిళ్లగా చూపింది. సప్తర్షి మండలం దగ్గర ఖాళీగా కనబడే చోటుకు గురిపెట్టి, 1995 డిసెంబర్‌లో పది రోజుల పాటు 342 ఫొటోలు తీసి కలిపితే దాదాపు మూడు వేల గెలాక్సీలు బయటపడ్డాయి.

వీటన్నిటిలో నేను ఒక్కదాని దగ్గర ఆగుతాను, అది ఫొటో కాదు కాబట్టి. కన్యా రాశి దిక్కున ఎం87 అనే మహా గెలాక్సీ ఉంది. దాని నడిబొడ్డున ఏదో భారీ వస్తువు ఉందని ఎన్నాళ్లుగానో అనుమానం. హాలండ్ ఫోర్డ్, రిచర్డ్ హార్మ్స్ బృందం ముందు కొత్త కెమెరాతో అక్కడ వాయువు చక్రంలా తిరుగుతోందని చూసింది. ఆ పైన ఫెయింట్ ఆబ్జెక్ట్ స్పెక్ట్రోగ్రాఫ్‌ను, కోస్టార్ అద్దాల మీదుగా, కేంద్రానికి అటు ఒకసారి, ఇటు ఒకసారి గురిపెట్టింది. ఒకవైపు గీత నీలం వైపు జరిగింది, ఇంకోవైపు గీత ఎరుపు వైపు జరిగింది. అంటే ఒక పక్క వాయువు మన వైపు వస్తోంది, రెండో పక్క దూరంగా పోతోంది. వేగం సెకనుకు సుమారు 550 కిలోమీటర్లు. అంత వేగంతో తిరుగుతున్నదాన్ని చెదిరిపోకుండా పట్టి ఉంచాలంటే లోపల సుమారు 300 కోట్ల సూర్యుల బరువుండాలి. 1994 మేలో ఈ సంగతి ప్రకటించారు. కృష్ణబిలం ఉందనడానికి అప్పటికి దొరికిన గట్టి సాక్ష్యాల్లో అదొకటి. 2019లో నేల మీది కొన్ని రేడియో టెలిస్కోపులు కలిసి నారింజ రంగు ఉంగరంలాంటి బొమ్మ తీసింది ఈ ఎం87 కృష్ణబిలానిదే. వాళ్ల లెక్కలో బరువు 650 కోట్ల సూర్యులకు పెరిగింది. రెండు గీతలతో మొదలైన ముచ్చట అది. ఆ గీతలు కనబడటానికి ఒక ఫొటోమీటర్ తన గది ఖాళీ చేయాల్సి వచ్చింది.

కోస్టార్ కూడా చిరకాలం ఉండలేదు. 1990 తర్వాత తయారైన ప్రతి పెట్టెలోనూ అద్దం లోపానికి విరుగుడు ముందే పెట్టారు. 1997లో రెండు స్పెక్ట్రోగ్రాఫులూ దిగిపోయాయి. 2002లో యూరప్ కెమెరా దిగిపోయింది. అక్కడితో కోస్టార్‌కు చేయాల్సిన పని అయిపోయింది. చేతులు ముడుచుకుని ఏడేళ్లు ఊరికే నిలబడి, 2009 మేలో కొత్త అతినీలలోహిత స్పెక్ట్రోగ్రాఫ్ కోసం తానూ గది ఖాళీ చేసింది. అదే యాత్రలో ఎక్కిన వైడ్ ఫీల్డ్ కెమెరా-3 కోసం, 1993లో కిందికి దింపిన మొట్టమొదటి కెమెరా పెట్టెను, ఫిల్టర్ల అమరికను మళ్లీ వాడారు. పనిలేదని దింపిన వస్తువు పదహారేళ్లకు తిరిగి కక్ష్యలోకి వెళ్లడం ఇక్కడే చూస్తాం.

ఫొటోమీటర్‌కు ఆ అదృష్టం పట్టలేదు. ఆ పనికే ప్రత్యేకించిన పరికరం హబుల్‌లోకి మళ్లీ రాలేదు. వాషింగ్టన్ వెళ్లేవాళ్లు కోస్టార్‌ను స్మిత్‌సోనియన్ సంస్థ వారి వైమానిక, అంతరిక్ష మ్యూజియంలో చూడొచ్చు. ఫొటోమీటర్‌ను చూడాలంటే మాత్రం విస్కాన్సిన్ దాకా పోవాలి. మాడిసన్‌లో విశ్వవిద్యాలయం నడిపే స్పేస్ ప్లేస్ అనే చిన్న కేంద్రంలో దాన్ని ఉంచారు. ఆ చుట్టుపక్కల ఉంటున్న మనవాళ్లు ఎవరైనా పిల్లలతో వెళ్తే, పెట్టె నోటి దగ్గర ఫిల్టర్ల కోసం చక్రం ఎందుకు లేదో వాళ్లకు తప్పక చెప్పండి.

వచ్చే సంచికలో: 1997లో ఎక్కిన నిక్‌మాస్ కెమెరా, దాన్ని చల్లగా ఉంచడానికి నింపిన నైట్రోజన్ మంచు. నాలుగేళ్లకు పైగా రావాల్సిన ఆ మంచు రెండేళ్లు తిరక్కుండానే ఎందుకు హరించుకుపోయిందో చూద్దాం.